అరగంట గద్దె

“జర చెయ్యివెట్టి చూడు” అని మా ఆయన రిక్షాలోంచి దింపిన కాళ్ళపీటను వాకిట్లో పెట్టి, మొహం కడుక్కోవడానికి పోయేవాడు. నేను పొయ్యి మీది పప్పు దించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి దాని ముందు గొంతుక్కూర్చునేదాన్ని. ముందు తలకిందులు చేసేదాన్ని. మంచి పీట అవునో కాదో అడుగు చూస్తే సగం తెలిసిపోతుంది. కింద నవారు బిగువుగా అల్లారా, మేకులు ఒకే వరసలో ఉన్నాయా, గోనెపట్ట అంచు మడిచి కొట్టారా, అట్లాగే వదిలేశారా. తరువాత గుడ్డ. పైన ఉన్న చార పక్కకు దిగేచోట తెగకూడదు, ఒక్క పోగు కూడా జరగకూడదు. నాలుగు మూలల్లో మడతలు ఒక్క తీరుగా ఉండాలి. చివరికి అరచెయ్యి. మధ్యలో పెట్టి, ఒంటి బరువంతా దాని మీదికి తెచ్చి, ఒక్కసారి తీసేయాలి. పైన మెత్త, అంటే గద్దె, వెంటనే పైకి లేస్తే మంచిది. ఆలోచించి లేస్తే మంచిది కాదు.

“బాగుంది” అనేదాన్ని. లేకపోతే “కుడి మూల విప్పి మళ్ళీ కొట్టమనుర్రి” అనేదాన్ని. మా ఆయన తువ్వాలతో మెడ తుడుచుకుంటూ తల ఊపేవాడు.

తెల్లవారి ఆబిడ్స్‌లో, మా దుకాణంలో, ఆయన గిరాకీలతో చెప్పేమాట నేను వెనక గది పరదా చాటునుంచి చాలాసార్లు విన్నాను. “ఒక్కొక్కటి నేను సొంతంగ చెయ్యివెట్టి చూస్తనమ్మా. చూడంది గడప దాటనియ్య.”

మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. తరువాత రాలేదు.

మా మామ రాజయ్య మెదక్ దిక్కునుంచి ఒక రంపం, రెండు ఉలులతో నాంపల్లికి వచ్చిన మనిషి. స్టేషను వెనక గల్లీలో ఇల్లు, స్టేషనునుంచి ఆబిడ్స్ పోయే తోవలో దుకాణం, రెండూ ఆయన చేతిమీద లేచినవే. చెక్క విషయంలో ఆయన కన్ను తప్పదు. కాని పోలీసు చర్య తరువాత ఊరు మారింది. బదిలీల మీద కొత్త కుటుంబాలు వచ్చాయి. రెండు గదుల కిరాయి ఇంట్లో కూడా ముందుగదిని సిట్టింగ్ రూమ్ అనడం మొదలైంది. పెద్ద సోఫాకు చోటు లేదు. అందుకని కాళ్ళు పెట్టుకునే పొట్టి కాళ్ళపీటలు, వాటికంటే ఎత్తుగా, నాలుగు పక్కలా గుడ్డ చుట్టి పైన మెత్త పెట్టిన పీటలు అడిగేవాళ్ళు. వాటిని మేం డబ్బాలు అంటాం. నలుగురు వస్తే బయటికి లాగవచ్చు, పోయాక బల్ల కిందికి తోసేయవచ్చు. ఈ మెత్తల పని మామకు రాదు. అందుకు దుర్గయ్యను పెట్టుకున్నాడు. గుడ్డ ఎంచడం, కత్తిరించడం, మిషను మీద కుట్టడం నా పని అయింది. ఎప్పుడు అయిందో, ఎవరు చెప్పారో నాకు గుర్తులేదు. పెళ్ళికి ముందు కోఠీ ఆడపిల్లల కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివాను. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయి. “చదువుకున్న కోడలాయె, కొలతలు తప్పు పోదు” అని మామ ఒకసారి అన్నాడు. అంతే. పగలు పన్నెండునుంచి నాలుగుదాకా నేలమీద పెట్టి తిప్పే చేతిమిషను, మిగతా పొద్దంతా ఇల్లు. ఇదంతా పని అని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మా అత్త కిష్టవ్వ పొరుగువాళ్ళతో “మా నర్మద మిషను మీద కాలక్షేపం చేస్తది” అనేది.

ఇంకొక సంగతి చెప్పాలి. మా ఇంట్లో మామ ముందు ఆడవాళ్ళు ఎత్తు మీద కూర్చోరు. కుర్చీ, స్టూలు, మంచం ఏదైనా సరే. ఆయన వస్తుంటే లేస్తాం. ఆయన ఉన్నంతసేపు నిలబడతాం, లేకుంటే నేలమీద ఉంటాం. ఆయన లేనప్పుడు కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కాని అలవాటు పడ్డ ఒళ్ళు ఆయన ఇంట్లో ఉన్నాడా, దుకాణానికి పోయాడా అని చూడదు. నాకు పెళ్ళయి పదకొండేళ్ళు. ఎన్ని పీటలకు గుడ్డ కుట్టానో చెప్పలేను. ఒక్కదాని మీదా కూర్చోలేదు.

అది తప్పు అని కూడా నాకు తోచలేదు. నా అరచేతిని నమ్మాను.

*

జాగీర్లు పోయాక నవాబుల దేవిడీలలోంచి సామాను అమ్మకానికి వచ్చింది. ఒకసారి మా ఆయన అట్లాంటి పాత సోఫా ఒకటి కొని తెచ్చాడు. దుకాణం వెనక చోటు చాలక మా వాకిట్లోనే దింపారు. దాన్ని విప్పడానికి దుర్గయ్య వచ్చాడు. పొట్టిమనిషి, తెల్లమీసాలు, పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగు మేకులు. మేకులు పట్టుకునే మాట్లాడతాడు, ఒక్కటీ జారదు.

“మఖ్మల్ పోయింది. చెక్కను పురుగు తిన్నది. ఇగ లోపల జూడు బిడ్డా” అని గుడ్డ పట్టి లాగాడు.

నేను తలుపు దగ్గర చాట పట్టుకుని నిలబడి ఉన్నాను. మఖ్మల్ గుడ్డ కింద దూది, దూది కింద గోనె, గోనె కింద నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా గుర్రపు వెంట్రుకలు. రెండు చేతులతో ఎత్తి, పిడికిట్లో నలిపి, నా ముందు చెయ్యి తెరిచాడు. ఊపిరి పీల్చుకున్నట్టు అది మళ్ళీ విచ్చుకుంది. నేను చాట కింద పెట్టేశాను.

“ఎన్నేండ్లది?” అన్నాను.

“యాభై ఉంటయి. తక్కువ గాదు. ఎందరు కూసున్నరో, ఎందరు లేసిన్రో. దీనికి యాదికి లేదు.”

నేను కూడా పిడికెడు తీసుకున్నాను. నలిపాను. వదిలాను. మళ్ళీ నలిపాను. ప్రతిసారీ అది తన రూపానికి తాను వచ్చింది. దాని కింద స్ప్రింగులు, ఒక్కొక్క దాన్ని ఎనిమిది దిక్కులకు సుతిలి తాడుతో లాగి కట్టిన ముడులు. ఒక్క ముడి వదులు కాలేదు. పైన కూర్చున్న నవాబులకు, బేగములకు ఈ ముడులు ఉన్నాయని కూడా తెలిసి ఉండదు. కట్టినవాడి పేరు ఎక్కడా లేదు. ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధ ఎవరి కోసం పెట్టాడు? నేను వాకిట్లో కూలబడి ఆ అల్లికను చూస్తూ ఉండిపోయాను. లోపలినుంచి మా అత్త “బియ్యం చెరుగుడు అయిందా, లేదా?” అని కేకేసేదాకా ఆ చూపు తిప్పలేదు.

ఆ వెంట్రుకలను దుర్గయ్య ఉడకబెట్టి, ఆరబెట్టి, తాడులా పురిపెట్టి, విప్పి మళ్ళీ వాడాడు. సైన్యంలో రిసాలాల గుర్రాలు పోయి మోటార్లు వచ్చాక ఈ సరుకు దొరకడం కష్టమైంది. కొబ్బరిపీచు చవక. కాని పీచు కొన్నాళ్ళకు విరుగుతుంది, పొడి అవుతుంది, నలిగినచోటే ఉండిపోతుంది. ఈ మాట నాకు దుర్గయ్యే చెప్పాడు.

*

ఆ ఎండాకాలంలో విమలాబాయి అని ఒకామె దుకాణానికి వచ్చింది. నాంపల్లిలో కొత్తగా పెట్టిన ఆడపిల్లల హాస్టలుకు ఆమె పెద్ద. యాభై దాటిన మనిషి, నేతచీర, మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద చేతిగడియారం. పిల్లలను చూడడానికి తల్లులు వస్తారట, వాళ్ళు కూర్చునే గదికి నలభై డబ్బాలు, ఇరవై కాళ్ళపీటలు కావాలన్నది. మా దుకాణానికి అంత పెద్ద పని ఎన్నడూ రాలేదు. ముందు ఒక డబ్బా మచ్చుకు పంపమన్నది.

పంపాం. అంటే మా ఆయన తెచ్చాడు, నేను తలకిందులు చేసి చూశాను, నీలం చారల గుడ్డ మూలలు సరిచూశాను, అరచెయ్యి పెట్టాను. వెంటనే లేచింది. “బాగుంది” అన్నాను. ఆమె జవాబు కోసం ఆగకుండా మా ఆయన మిగతావాటి పని కూడా మొదలుపెట్టించాడు.

పదిహేను రోజులకు ఆ డబ్బాను రిక్షాలో పెట్టుకుని ఆమే దుకాణానికి తెచ్చింది. ఆ పూట నేను కుట్టిన గుడ్డలు ఇవ్వడానికి వచ్చి వెనక గదిలో ఉన్నాను. పరదా సందులోంచి అంతా కనిపించింది.

“కూర్చోండమ్మా” అని మా ఆయన కుర్చీ జరిపాడు. ఆమె కుర్చీని చూడలేదు. తెచ్చిన డబ్బానే దుకాణం నడుమ వేయించి, దాని మీద కూర్చుని, గోడ గడియారం వైపు ఒకసారి చూసి, చేతులు ఒడిలో పెట్టుకుంది. అంతే. ఇంక ఏమీ మాట్లాడలేదు.

మా ఆయన కాసేపు నిలబడ్డాడు. “సల్లటి నీళ్ళు తెప్పియ్యాల్నా?” అన్నాడు. వద్దని తల ఊపింది. కొత్త గుడ్డలు చూపించబోయాడు. చెయ్యెత్తి ఆపింది. మెల్లగా ఆయన కూడా ఊరుకున్నాడు. ఇద్దరు గిరాకీలు వచ్చి, ఈ మౌనం చూసి, గొంతు తగ్గించి మాట్లాడి పోయారు. ఆబిడ్స్ రోడ్డంతా రిక్షా గంటలు, బస్సు హారన్లు. వాటి నడుమ ఒక ఆడమనిషి, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, ఎవరికీ ఏమీ చేసిపెట్టకుండా, సంజాయిషీ చెప్పకుండా కూర్చుని ఉంది. ఆమె కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి. తొందర లేదు. నేను పరదా అంచు గట్టిగా పట్టుకున్నాను. గుళ్ళో పూజారి గర్భగుడి తలుపు తీసినప్పుడు కూడా నేను అంత నిశ్శబ్దంగా నిలబడలేదు. మనిషి అట్లా కూర్చోవచ్చునా అనిపించింది. ఆడమనిషి.

అరగంటకు లేచింది.

“చూడండి” అన్నది. “నేను లేచిన. ఇది లేవలేదు.”

డబ్బా నడుమ గుంట. నీలం చారలు ఆ గుంటలోకి వంగిపోయి ఉన్నాయి.

“మొదట్ల మంచిగనే ఉంటది బాలమల్లు గారూ. పావుగంట దాటినంక దిగుడు షురూ అయితది. ఇగ చెక్క తగులుతది. ఊళ్ళకెళ్ళి వచ్చే తల్లులు, బిడ్డ కోసం గంట సేపు కూసుంటరు పాపం. దీన్ని ఎవరు చూసి పంపిన్రు?”

ఆ ప్రశ్నకు మా దుకాణంలో ఎప్పుడూ ఒకటే జవాబు. ఒక్కొక్కటి నేను సొంతంగ చూస్తనమ్మా.

మా ఆయన మెడ వెనక గోక్కున్నాడు. “మా ఇంట్ల ఆడోళ్ళు చూసిన్రమ్మా” అన్నాడు.

“ఆడవాళ్ళా? కూసుని చూసిన్రా?”

“లేదమ్మా. చెయ్యివెట్టి.”

విమలాబాయి నవ్వింది. “చేతులతోని ఎవరు కూసుంటరండీ?” అన్నది.

ఆమె వెక్కిరించింది మా ఆయననే. కాని తగిలింది నాకు. నేను ఆ మాటను ఇంటిదాకా మోసుకుపోయాను. రిక్షాలో నా అరచెయ్యి చూసుకున్నాను. పదకొండేళ్ళుగా దీన్ని నమ్మి, గట్టిగా మాట చెప్తూ వచ్చాను. కూర్చునే వస్తువును కూర్చోకుండా చూడడం ఏం చూడడం? ఈ చిన్న సంగతి చదువుకున్న నాకు తట్టలేదు.

పోతూ పోతూ విమలాబాయి ఒక మాట చెప్పి పోయింది. వచ్చే గురువారం మళ్ళీ వస్తుంది. నలభై డబ్బాల్లోంచి తనకిష్టమైనది ఒకటి తీసి అరగంట కూర్చుంటుంది. అది దిగితే నలభైకి నలభై వాపసు, ఇంకెప్పుడూ ఈ గడప తొక్కదు.

*

“నీ ఒక్క మాట మీద దుకాణం ఇజ్జత్ పోయింది” అన్నాడు మా ఆయన అన్నం ముందు కూర్చుని.

“మంచిగున్నప్పుడు ఎవరు చూసిన్రని చెప్పిన్రు?” అన్నాను.

ఆయన ముద్ద ఆపి నావైపు చూశాడు. నేను అంత మాట ఎప్పుడూ అనలేదు. మా అత్త మధ్యలోకి వచ్చింది. “మొగడు చెప్పుకుంటే ఏం పోయిందే? ఇల్లు ఒక్కటే గదా.”

“ఇల్లు ఒక్కటే అత్తా. తప్పు మాత్రం నాది” అన్నాను.

చారు వడ్డించాను.

మరునాడు దుర్గయ్యను అడిగాను, ఇంటికి గోనెపట్ట కోసం వచ్చినప్పుడు. “లోపల ఏం నింపుతున్నరు?”

దుర్గయ్య మేకులు నోట్లోంచి తీసి చేతిలో పెట్టుకున్నాడు. ఆయన అట్లా చేయడం అదే మొదటిసారి చూశాను. “నేను స్ప్రింగులు కట్టి ఇస్త బిడ్డా. నలభై డబ్బాలకు ఒక్కని చేతులు సాలవు గదా. నింపుడు ఇద్దరు కొత్తోళ్ళకు ఇచ్చిన్రు, అఫ్జల్‌గంజ్‌ల. మూటలు కట్టి వస్తున్నయి. లోపల ఏమున్నదో నాకేం తెల్సు? అంతా వెంట్రుకే అంటున్నడు నీ పెనిమిటి.”

“పైన నాలుగు అంగుళాలు వెంట్రుక, కింద పీచు ఉంటే?”

“చెయ్యివెడితే తెల్వది. పైది లేస్తది గదా. గద్దె మొదటి పావుగంట ఎవలనన్న మోసం జేస్తది. అరగంట కదలకుంట కూసుంటే గప్పుడు బయటవడతది. నడుమ లేస్తే లాభం లేదు, మళ్ళ మొదటికెళ్ళి కూసోవాలె.” మేకులు మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ, “అరగంటే గదా” అన్నాడు.

అరగంటే. నాకు కూడా అట్లాగే అనిపించింది.

మా ఆయన కొత్త మూటలోంచి ఒక డబ్బాను ఇంటికి తెచ్చాడు. “ఇగ చూడు. లోపలంతా వెంట్రుకనే. జర మంచిగ చూడు ఈసారి” అని పెట్టిపోయాడు. అరచెయ్యి పెట్టాను. చక్కగా లేచింది. ఆ చెయ్యిని ఇక నమ్మలేను.

శుక్రవారం, మామ దుకాణానికి పోయాక, వంటింటి తలుపు పక్కన డబ్బా వేసుకుని కూర్చున్నాను. మూడు నిమిషాలకు పాలు పొంగాయి. మళ్ళీ కూర్చున్నాను. నీళ్ళు తెచ్చే ఆవిడ వచ్చింది. శనివారం ఏడు నిమిషాలు. శశికళ, మా పెద్దది, పలక పగలగొట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చింది. ఆదివారం అందరూ ఇంట్లోనే, ఊసే లేదు. సోమవారం బట్టలు నానబెట్టి, అన్నం వార్చి, కూరగాయలు తరిగి, ముందే అన్నీ సర్దుకుని కూర్చున్నాను. పదకొండు నిమిషాలయింది. గద్దె నా కింద మెల్లగా ఏదో చెప్పబోతున్నట్టు తోచింది. అంతలో మా అత్త దొడ్లోంచి వచ్చింది.

“ఏందే, బేగం లెక్క కూసున్నవు? ఒంట్ల బాగలేదా?”

ఒంట్లో బాగుంటే ఆడది కూర్చోదు. ఆమె అన్నది కోపంతో కాదు. నిజంగానే కంగారుపడింది, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“బాగనే ఉన్నది అత్తా. ఊరికెనే కూసున్న.”

“ఊరికెనా?”

“నువ్వెప్పుడన్న కూసున్నవా? ఊరికెనే, అరగంట?”

మా అత్త ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. గోడకు ఆనుకుని, కళ్ళు సగం మూసి, నిజంగా వెతికింది. అరవై ఏళ్ళలో వెతికింది.

“కాన్పులల్ల పండుకున్న” అన్నది చివరికి. “కూసునుడైతే యాదికి లేదు.”

ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. నేను లేచి డబ్బాను పక్కకు జరిపాను. ఆమె మొగుడు నలభై ఏళ్ళుగా ఊరందరికీ కుర్చీలు చేశాడు.

నేను నాలో కూడా వెతుక్కున్నాను. మెలకువగా, ఒక్కచోట, ఎవరూ పిలవకుండా అరగంట. మిషను ముందు కూడా మాటిమాటికీ లేవాల్సిందే. గుర్తొచ్చింది కాలేజీ పరీక్షల హాలు. మూడు గంటలు ఎవరూ పిలవలేదు. ఎవరికైనా దాహం వేసిందేమో, ఎవరైనా వచ్చారేమో అని నేను తల ఎత్తలేదు. అప్పుడు పరీక్ష అంటే భయపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ బల్ల, ఆ సిరా మరకలు, కిటికీలోంచి పడ్డ ఎండ, అంతా ఎవరో గొప్పింటివాళ్ళ సంపదలా కనిపిస్తోంది. నాకే ఇచ్చారు ఒకప్పుడు. నాకే.

మంగళవారం కూడా కుదరలేదు. అప్పుడు అర్థమైంది, ఈ ఇంట్లో ఆ అరగంట దొరకదు. దాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. అసలు లేదు.

*

బుధవారం మిగిలిన గుడ్డలు మూట కట్టుకుని రిక్షాలో దుకాణానికి పోయాను. నలభై డబ్బాలు గోనెల్లో చుట్టి గోడవారగా పేర్చి ఉన్నాయి. మా ఆయన మొజంజాహీ మార్కెట్ దిక్కు ఏదో పని మీద పోయాడని దుర్గయ్య చెప్పాడు.

“ఒకటి విప్పు దుర్గయ్యా. నడుమలకెళ్ళి తియ్యి.”

“ఏడ వెయ్యాలె? వెనక గదిలనా?”

వెనక గదిలో గడియారం లేదు. అది ఒక కారణం. “ఈడనే” అన్నాను. “గడియారం ముంగట.”

దుర్గయ్య నన్ను చూశాడు, రోడ్డును చూశాడు. మేకులు ఒక పక్కకు జరుపుకున్నాడు. తెచ్చి వేశాడు.

గడియారం పదకొండు కొట్టింది. కూర్చున్నాను.

మొదటి నిమిషం ఒళ్ళంతా లేద్దామనే అనుకుంది. వీపు, మోకాళ్ళు, అన్నీ. రోడ్డు మీద పోయేవాళ్ళంతా నన్నే చూస్తున్నారనుకున్నాను. ఎవరూ చూడలేదు. గద్దె నా బరువుకు సర్దుకుంది. అప్పుడు నా పాదాలు చూసుకున్నాను. వేళ్ళు నేలమీద ఉన్నాయి. మడమలు ఆనలేదు. మడమకూ నేలకూ మధ్య ఒక వేలు పట్టేంత సందు. మామ పెట్టిన ఎత్తు అది. మొదటి డబ్బా చేసిననాడు తన మోకాలినుంచి కొలుచుకుని పదిహేడు అంగుళాలు అన్నాడు. అప్పటినుంచి అదే కొలత. నా అంత ఎత్తు మనుషులు కూర్చుంటారని లెక్కలో లేదు. అందుకేనేమో కాళ్ళపీటలు. డాబు కోసం కొంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఆ సందును గుర్తుపెట్టుకున్నాను. అరచెయ్యికంటే మంచి కొలత దొరికింది నాకు.

అయిదు నిమిషాలు. నా చేతులు ఒడిలో ఉన్నాయి. పసుపు పట్టిన గోళ్ళు, సూది గుచ్చుకున్న చూపుడువేలు. అవి ఏమీ చేయడం లేదు. నిద్రలో తప్ప వాటిని ఇంత ఊరికే చూడలేదు. నాకు వాటి మీద కొత్తగా జాలి, జాలికంటే ఎక్కువగా గౌరవం కలిగింది. దేవిడీ సోఫా లోపలి ముడులు గుర్తొచ్చాయి.

పది నిమిషాలు. తల ఎత్తాను. ఈ రోడ్డు మీద నేను వందసార్లు వచ్చాను, పోయాను. ఎప్పుడూ చూడలేదు. ఎదుటి మేడ మీద రాతి జాలీ ఉంది, దాని నీడ గోడ మీద అల్లిన లేసులా పడుతోంది. పుచ్చకాయల బండివాడు ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూస్తున్నాడు. కాలేజీ పిల్లలు నలుగురు పుస్తకాలు గుండెకు ఆనించుకుని, ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతూ పోయారు. ఎండలో దుమ్ము లేచి బంగారు రంగులో నిలబడింది, బస్సు వచ్చి దాన్ని చీల్చుకుని పోయింది, మళ్ళీ నిలబడింది. ఇదంతా రోజూ జరుగుతూనే ఉందా? నేను పప్పు దించుతున్నప్పుడు, మూలలు కుడుతున్నప్పుడు, ఇంత లోకం ఇక్కడ ఇట్లా వెలుగుతూనే ఉందా? మగవాళ్ళు రోజూ దీని ముందు కూర్చుని, ఇంటికి వచ్చి “ఇయ్యాల ఏం లేదు” అని ఎట్లా చెప్పగలుగుతారు? నా కళ్ళు తడి అయ్యాయి. ఏడుపు కాదు. ఎక్కువైంది, అంతే.

పదిహేడు నిమిషాలు. కింద ఏదో సడలినట్టయింది. చప్పుడు లేదు. ఎడమవైపు ముందు, తరువాత నడుమ. తొడ కింద చెక్క అంచు మెల్లగా తెలిసింది.

పాదాలు చూసుకున్నాను. మడమలు నేలను తాకి ఉన్నాయి. రెండూ, నిండుగా.

సరిగ్గా అప్పుడే దుర్గయ్య లేచి నిలబడ్డాడు. గుమ్మంలో మామ. రోజూ పన్నెండింటికి వచ్చే మనిషి, రేపటి పని ఫికర్‌తో ముందే వచ్చాడు. ఆయన వెనకే మా ఆయన, చెమటలు కారుతూ.

మామ చేతికర్ర గడప మీద ఆగిపోయింది. గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది.

“నర్మదా!” అన్నాడు మా ఆయన గొంతు అణిచి. “నాయిన వచ్చిండు. లే!”

నా మోకాళ్ళు లేవబోయాయి. నిజం చెప్తున్నాను, పదకొండేళ్ళ మోకాళ్ళు అవి. రెండు చేతులతో వాటిని పట్టుకున్నాను.

“లేస్తే లాభం లేదు మామా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నడుమ లేస్తే మళ్ళ మొదటికెళ్ళి కూసోవాలె. గద్దె చూస్తున్న.”

“ఇంటికి తెచ్చిన గదా చూసేటందుకు!” అన్నాడు మా ఆయన. “రోడ్డు మీద గిట్ల కూసుంటే నలుగురు ఏమంటరు?”

మామ చెయ్యెత్తి కొడుకును ఆపాడు. ఆయన కళ్ళు నా మొహం మీద లేవు, డబ్బా మీద ఉన్నాయి. వడ్రంగి కళ్ళు అవి. కోపంలో కూడా వస్తువును చూడకుండా ఉండలేవు.

“ఏమంటది గద్దె?” అన్నాడు.

“కూసున్నప్పుడు మడిమెలు నేలకు ఆనలే మామా. వేలు సందు ఉండె. మీరు వెట్టిన ఎత్తు అది. ఇప్పుడు జూడుర్రి.”

మామ కర్ర మీద వంగి నా పాదాలను చూశాడు. చాలాసేపు చూశాడు. కోడలి పాదాలను మామ చూడడం, మామ ముందు కోడలు ఎత్తు మీద ఉండడం, రెండూ ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు. తరువాత నడుం నిలబెట్టి మా ఆయన వైపు తిరిగాడు.

“లోపల ఏం వెట్టిచ్చినవురా బాలమల్లు?”

మా ఆయన నేల చూశాడు. “పైకి వెంట్రుకనే నాయినా. కింద జర పీచు. మూడు వారాలల్ల నలభై అంటే ఎవలిస్తరు అంత...”

“మూటలు విప్పు” అన్నాడు మామ. “అన్ని విప్పు. రేపు ఆ అమ్మ వస్తే నెల గడువు అడుగుదం. ఇయ్యకుంటే పాయె. పీచు గద్దె మాత్రం నా గడప దాటది.” దుర్గయ్య అప్పటికే మొదటి గోనె తాడు కోస్తున్నాడు. మా ఆయన కూడా పోయి రెండో మూట దగ్గర వంగాడు.

మామ నావైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. నాతో ఆయన ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు.

“మంచిగ పట్టినవు బిడ్డా. తేలింది గదా. ఇగ లే.”

నేను గడియారం వైపు చూశాను.

“ఇంక ఎనిమిది నిమిషాలున్నయి మామా” అన్నాను.

నేను మళ్ళీ రోడ్డు వైపు తిరిగి, చేతులు ఒడిలో పెట్టుకున్నాను. ఎదుటి గోడ మీది జాలీ నీడ కొంచెం పక్కకు జరిగింది. గద్దె సంగతి ఎప్పుడో తేలిపోయింది. ఆ ఎనిమిది నిమిషాలు నావి.